తిరిగే మూల కబోర్డుకి చైల్డ్ లాక్: ముందు తలుపు ఎటు కదులుతుందో చూడండి

విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో వంటగట్టు ఎక్కువగా ఎల్ ఆకారంలోనే వస్తుంది. రెండు గట్లు కలిసే మూల కింద చెయ్యి చాపినా అందని చీకటి చోటు ఒకటి మిగిలిపోతుంది. పాత ఇళ్లలో ఆ మూల కడప బండ అర వెనక్కి జారిన ఇత్తడి గిన్నె మళ్లీ సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడే కనిపించేది. ఇప్పుడు ఇంటీరియర్ వాళ్లు అక్కడ నిలువు రాడ్డు చుట్టూ తిరిగే గుండ్రటి ట్రేలు పెడుతున్నారు. కరోజల్ అనీ, కార్నర్ యూనిట్ అనీ, లేజీ సుసాన్ అనీ రకరకాలుగా అంటారు. పెద్దవాళ్లకు అది సౌకర్యం. ఏడాదిన్నర పిల్లకు మాత్రం వంటింట్లోకే వచ్చిన రంగులరాట్నం. నెడితే తిరుగుతుంది, తిరిగితే లోపలున్నవన్నీ వరసగా చేతికందుతాయి.

మిగతా వంటగదికి లాక్‌లు బిగించడం గంట పని. ఈ మూల దగ్గరకొచ్చేసరికి ప్యాకెట్‌లో వచ్చిన లాక్ కూర్చోదు, కూర్చున్నా ఆపదు. నాసిరకం అనుకుని ఇంకో రకం తెప్పిస్తారు, అదీ అంతే. తప్పు లాక్‌ది కాదు. బజారులో దొరికే చైల్డ్ లాక్‌లలో చాలా భాగం బయటికి లాగే తలుపు కోసం చేసినవి. మూల కబోర్డుల్లో ఒక రకం తలుపు లాగితే రాదు, నెడితే లోపలికి పోతుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకం

ఒక పక్క గట్టు కింద మామూలు తలుపు ఒక్కటే ఉండి, తెరిస్తే లోపల అర్ధచంద్రాకారపు డి ట్రేలు గానీ, తలుపుతోపాటు ముందుకు జరిగొచ్చే మ్యాజిక్ కార్నర్ బుట్టలు గానీ ఉంటే మీ పని తేలిక. ఆ తలుపు బయటికే తెరుచుకుంటుంది కాబట్టి మామూలు కబోర్డు లాక్ సరిపోతుంది. బుట్టలు తలుపుకే తగిలించి ఉంటే మాత్రం జిగురుతో అంటించేది వద్దు, స్క్రూలతో బిగించేది పెట్టండి. ఆ బుట్టల బరువు ఊపంతా లాక్ మీదే పడుతుంది.

మూలలో ఎల్ ఆకారపు రెండు రెక్కల తలుపు ఉంటే అది రెండు రకాల్లో ఒకటి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఒక రెక్క మీద అరచెయ్యి ఆనించి మెల్లగా లోపలికి నెట్టండి. కదలకపోతే అది మడత తలుపు. ఆ రెక్క లోపలికి పోతూ రెండో రెక్క మీ వైపు వస్తుంటే తలుపు ట్రేలకే బిగించి ఉందన్నమాట.

మడత తలుపులో మొదటి రెక్క బాక్స్ పక్కబల్లకు 165 లేదా 170 డిగ్రీలు తెరుచుకునే హింజ్‌లతో ఉంటుంది. రెండో రెక్క మొదటి రెక్కకే వేరే మూల హింజ్‌లతో వేలాడుతుంది. తెరవడం ఎప్పుడూ రెండో రెక్క కొసన మొదలవుతుంది. కాబట్టి లాక్ అక్కడే పడాలి, ఒక్కటి చాలు. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే, గట్టిగా ఉంటుందని మొదటి రెక్కకు బిగిస్తారు. అప్పుడు మొదటిది కదలదు, రెండోది మాత్రం హాయిగా మడతపడి పిల్ల చెయ్యి దూరేంత సందు ఇస్తుంది. వేళ్లు నలిగేది కూడా ఆ మడతలోనే. అంటే లాక్ పెట్టి ప్రమాదాన్ని తలుపు చివరి నుంచి మధ్యలోకి మార్చినట్టయింది.

ట్రేలకే బిగించిన తలుపు సంగతి

అసలు చిక్కు దీనితోనే. దిబ్బరొట్టెలోంచి పావు ముక్క కోసేసినట్టు ఊహించుకోండి. మిగిలిన ముప్పావు రొట్టే ట్రే. కోసిన రెండు అంచులకు రెండు రెక్కలు నిలబెట్టి ఉంటాయి. ఎడమ రెక్కను నెడితే అది లోపలికి పోతుంది, కుడి రెక్క బయటికి ఊగి ఆ పావు ముక్క ఖాళీలోంచి ఎడమ వైపుకి వస్తుంది. వచ్చి ఎడమ పక్కబల్ల అంచు దగ్గర కత్తెరలా మూసుకుంటుంది. ఒక చేత్తో తలుపు నెడుతూ రెండో చెయ్యి ఆసరాగా ఆ అంచు మీదే వేసి నిలబడే పిల్ల వేళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి.

పైగా ట్రేల బరువు. ఒక్కో ట్రేలో 20 కిలోల సరుకు ఉంటే రాడ్డు చుట్టూ 40 కిలోలు తిరుగుతున్నట్టు. నెట్టడం ఆపినా తిరగడం ఆగదు. ఇక్కడ లాక్‌తో సంబంధం లేని చిన్న కిటుకు ఉంది: తిరిగే వస్తువు ఊపు రాడ్డు నుంచి దూరాన్ని బట్టి వర్గం లెక్కన (దూరం రెట్టింపైతే ఊపు నాలుగింతలు) పెరుగుతుంది. ట్రే అంచున పెట్టిన ఒక కిలో, అందులో సగం దూరంలో పెట్టిన నాలుగు కిలోలతో సమానం. ఐదు లీటర్ల నూనె డబ్బా, ఆవకాయ జాడీ రాడ్డుకి ఆనించి పెట్టి, ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ గిన్నెలు అంచుకి జరిపితే అదే బరువుతో తలుపు ఎంతో మెత్తగా ఆగుతుంది. అంచున పెట్టిన సీసా వెనక్కి పడి ట్రేకీ గోడకీ మధ్య ఇరుక్కునే బాధా తప్పుతుంది.

ఇప్పుడు లాక్. మామూలు అయస్కాంతపు లాక్‌లో బాక్స్ లోపల ఒక కొక్కెం, తలుపు వెనక దాన్ని పట్టుకునే గూడు ఉంటాయి. బయటి నుంచి అయస్కాంతం ఆనిస్తే కొక్కెం వదులుతుంది. అది తలుపును బయటికి రానివ్వదు, అంతే. లోపలికి పోయే తలుపును ఆపే పని దానికి ఎవరూ చెప్పలేదు. కుడి రెక్కకు ఒక్క లాక్ పెడితే కుడి రెక్క బయటికి రాదు, ఆ దిక్కున తిరగడం ఆగుతుంది. పిల్ల కుడి రెక్కనే లోపలికి నెడితే తలుపు రెండో దిక్కుకు తిరగబోతుంది, మధ్యలో ప్లాస్టిక్ కొక్కెం విరుగుతుంది. ‘లాక్ వారానికే విరిగింది’ అనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండే కారణం ఇదే.

కాబట్టి రెండు దిక్కులూ ఆపాలి. దానికి మూడు దారులున్నాయి, మూడూ సమానం కావు.

మొదటిది రెండు అయస్కాంతపు లాక్‌లు, రెక్కకు ఒకటి. పనిచేస్తుంది. కానీ తెరవాలంటే రెండు చోట్లా అయస్కాంతం ఆనించాలి. చేతిలో గరిట ఉన్న మనిషి రోజుకు పదిసార్లు అది చెయ్యదు. వారంలో రెండూ తెరిచే ఉంటాయి.

రెండోది ఒక దిక్కును శాశ్వతంగా మూసేసి, రెండో దిక్కుకే లాక్ పెట్టడం. ఎడమ పక్కబల్ల లోపలి వైపు, ఎడమ రెక్క వెనక, 15 మి.మీ. మందం టేకు ముక్క ఒకటి రెండు స్క్రూలతో బిగించి, రెక్క తగిలేచోట రబ్బరు బిళ్ల అంటిస్తే ఎడమ రెక్క ఇక లోపలికి పోదు. తలుపు ఒక్క దిక్కునే తిరుగుతుంది, చుట్టూ పూర్తిగా తిరగదు గానీ ట్రేలో అన్ని వైపులా చెయ్యి అందుతుంది. ఆ దిక్కున బయటికొచ్చేది ఎడమ రెక్కే కాబట్టి ఒక అయస్కాంతపు లాక్ దానికి పెడితే చాలు. ముక్క మరీ మందమైతే తిరిగే ట్రే అంచుకి తగులుతుంది, మరీ పలచనైతే రెక్క దాన్ని దాటి పోతుంది. బిగించే ముందు చేత్తో పట్టుకుని ట్రేని మెల్లగా తిప్పి చూసుకోవాలి.

మూడోది కబోర్డు తాళం, బోల్ట్ పైకి జరిగే రకం. రెక్క వెనక పైఅంచున బిగించి, గట్టు కింద ఉండే పైపట్టీలో బోల్ట్ దూరేలా రంధ్రం చేస్తే, పట్టీలోకి దూరిన బోల్ట్ తలుపును ముందుకూ పోనివ్వదు, వెనక్కూ పోనివ్వదు. ఒక్క తాళంతో పని అయిపోతుంది. ప్లాస్టిక్ భాగమేదీ లేదు, జిగురు లేదు, ఊరి హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. మా సలహా ఇదే. పైపట్టీ లేకుండా గ్రానైట్ నేరుగా బాక్స్ మీద కూర్చుని ఉంటే గ్రానైట్‌కి రంధ్రం చేయించకండి, పక్కబల్లకు చిన్న అల్యూమినియం యాంగిల్ బిగించి అందులో రంధ్రం చేయించండి. తాళంచెవి తాళానికే వదిలేయడం ఒక్కటే దీని బలహీనత.

రెండు పిడులకు కలిపి వేసే యు ఆకారపు లాక్ గురించి ఒక్క మాట చాలు. ఎల్ తలుపు రెక్కలు రెండూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, కాబట్టి వాటిని ఒకదానికొకటి కట్టేసి లాభం లేదు.

కొలతలు తప్పితే ట్రే తిరగదు

మూల బాక్స్ సాధారణంగా 900 మి.మీ. x 900 మి.మీ. రెండు వైపులా 18 మి.మీ. ప్లైవుడ్ పోగా లోపల మిగిలేది 864. అందులో 820 మి.మీ. వ్యాసం ట్రే ఉంటే రెండు పక్కలా మిగిలేది 22 మి.మీ. చొప్పున మాత్రమే. పక్కబల్ల ముందు అంచు దగ్గర ట్రే వంపు తిరుగుతుంది కాబట్టి ఇంకొంచెం ఖాళీ ఉంటుంది. అయస్కాంతపు లాక్ బాడీ 30 మి.మీ. ముందుకు పొడుచుకొస్తే ట్రే వచ్చి దానికి కొట్టుకుంటుంది. 710 మి.మీ. ట్రే అయితే పక్కకి 77 మి.మీ. ఉంటుంది, ఈ బెంగ లేదు. కొనేముందు టేపు పెట్టి ట్రే అంచుకీ పక్కబల్లకీ మధ్య నాలుగు చోట్ల కొలవండి. ఖాళీ తక్కువైతే లాక్‌ను ట్రే ఎత్తులో కాకుండా రెండు ట్రేల మధ్య ఎత్తులో గానీ, పైపట్టీ కింద గానీ పెట్టాలి. అప్పుడు ట్రేలో పొడుగు సీసాలు అంచు దాటి బయటికి వాలి ఉండకూడదు.

18 మి.మీ. షట్టర్‌కి, అంటే తలుపు బల్లకి, 16 మి.మీ. స్క్రూ సరైనది. లాక్ దిమ్మ మందం రెండు మూడు మిల్లీమీటర్లు పోతే లోపలికి దిగేది 13, 14. చేతికి దొరికిందని 19 మి.మీ. స్క్రూ దింపితే అవతలి మైకా పొక్కవచ్చు, పొక్కితే మళ్లీ సరికాదు. 3.5 మి.మీ. స్క్రూకి ముందుగా 2 లేదా 2.5 మి.మీ. బిట్‌తో 10 మి.మీ. లోతు రంధ్రం చేయండి. బిట్‌కి 10 మి.మీ. దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టుకుంటే లోతు తప్పదు.

రంధ్రం చేసేముందు అయస్కాంతాన్ని పరీక్షించాలి. లాక్‌ను షట్టర్ వెనక చేత్తో పట్టుకుని ముందు నుంచి అయస్కాంతం ఆనిస్తే కొక్కెం టక్కున కదలాలి. 18 మి.మీ. ప్లై, దాని మీద మైకా ఉన్నా మంచి అయస్కాంతానికి ఫర్వాలేదు. షట్టర్‌కి చెక్కిన డిజైనో, పైన ఇంకో పట్టీయో ఉండి మందం పెరిగితే లాగే శక్తి చాలా వేగంగా పడిపోతుంది. అల్యూమినియం షట్టర్ అయస్కాంతానికి అడ్డు కాదు. అయస్కాంతం అంటుకునే రకం స్టీలు షట్టర్ అయితే మాత్రం శక్తంతా ఆ రేకే లాగేసుకుంటుంది, అక్కడ ఈ లాక్ వద్దు.

చెద పట్టదని మన దగ్గర చాలామంది వేయించే పీవీసీ ఫోమ్ బోర్డులో స్క్రూ పట్టు తక్కువ. నాలుగు రోజులు లాగితే రంధ్రం వదులవుతుంది. అక్కడ షట్టర్ బయటి నుంచి దూర్చి లోపల నట్టు బిగించే చిన్న బోల్ట్‌లు వాడాలి. అందం కొంచెం తగ్గుతుంది, తప్పదు.

జిగురు పట్టీలు ఎప్పుడు, ఎలా

అద్దె ఇల్లయితే రంధ్రాలు చేయనివ్వరు. అప్పుడు మిగిలేది రెక్క నుంచి పక్కనున్న కబోర్డు దాకా అంటించే పట్టీ లాక్. మడత తలుపు మీద ఇది బాగానే ఆగుతుంది. ట్రేలకు బిగించిన తలుపు మీద కష్టం, కారణం జిగురు స్వభావం. ఫోమ్ టేపు తలానికి సమాంతరంగా జరిపే లాగుడుకు గట్టిగా నిలుస్తుంది. ఒక కొస నుంచి ఒలిచే లాగుడుకు తొందరగా లొంగిపోతుంది. రెక్క లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా పట్టీ దిమ్మను ఒలిచినట్టే లాగుతుంది. పట్టీ ఏ మాత్రం వదులున్నా తలుపు ముందు కదిలి, ఊపందుకుని, తర్వాత లాగుతుంది. కాబట్టి పట్టీ బిగుతుగా ఉండాలి. పక్కన డ్రాయర్ ఉంటే అక్కడ అంటించి లాభం లేదు, డ్రాయర్ కూడా కదిలేదే. కదలని పట్టీయో పక్కబల్లో ఉంటేనే పనిచేస్తుంది.

ఈ టేపులు ఊడిపోవడానికి మన వంటల తాలింపే సగం కారణం. కంటికి కనిపించని నూనె పొర షట్టర్ మీద ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌తో మళ్లీ తుడవాలి. థిన్నర్ వద్దు, అక్రిలిక్, పీవీసీ షట్టర్ల మెరుపు పోతుంది. అంటించాక 30 సెకన్లు గట్టిగా అదిమి, 24 గంటలు లాగకుండా వదిలేయండి. అక్రిలిక్ ఫోమ్ టేపు పూర్తి బలానికి రావడానికి 72 గంటలు పడుతుంది. అంటించిన సాయంత్రమే లాగి చూసి ‘అబ్బే, ఇది ఆగదు’ అనడం న్యాయం కాదు. స్టవ్ పక్కనే ఉన్న మూలైతే, బెజవాడ మే నెల ఎండల్లో ఆ టేపు ఇంకా మెత్తబడుతుంది. రెండు మూడు నెలలకోసారి మార్చడానికి సిద్ధపడాలి. ఊడదీసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, దిమ్మ వెనక గట్టి దారం రంపంలా ఆడిస్తే మైకా లేవకుండా వస్తుంది.

సిలిండర్ ఆ మూలకి దగ్గరగా ఉంటే

వంటగట్టు కింద గ్యాస్ సిలిండర్ పెట్టే ఇళ్లలో మూల కబోర్డుకి ఆనుకున్న గది చాలాసార్లు దానిదే. రబ్బరు ట్యూబును దగ్గరి దారి అని మూల బాక్స్‌లోంచి లాగేస్తారు. తిరిగే ట్రే అంచు రోజూ రాసుకుని ట్యూబు అరిగిపోతుంది, లోపల జరిగేది ఎవరికీ కనిపించదు. ట్యూబు ఆ బాక్స్‌లోంచి పోతుంటే లాక్ సంగతి తర్వాత, ముందు దారి మార్పించండి.

రెగ్యులేటర్ ఉన్న తలుపుకి తాళంచెవి గానీ అయస్కాంతం గానీ అవసరమయ్యే లాక్ ఏదీ పెట్టకూడదు. వాసన వచ్చినప్పుడు అయస్కాంతం ఎక్కడుందని వెతుక్కునే సమయం ఉండదు. అక్కడ పెద్దవాళ్లు ఒక్క చేత్తో నొక్కి తెరిచేదే ఉండాలి, అదీ తలుపు పైఅంచున. గ్యాస్ గాలికంటే బరువు కాబట్టి ఆ గది కిందిభాగంలో గాలి ఆడే రంధ్రాలు మూయకూడదు. గ్యాస్ లీకుకి ఫోన్ చేయాల్సిన నంబరు 1906.

తాళం ఉన్నా అక్కడ పెట్టకూడనివి

ఏ లాక్ అయినా పిల్లను కాసేపు ఆపుతుందే తప్ప ఎప్పటికీ ఆపదు. మూడేళ్లొచ్చేసరికి చూసి నేర్చుకుంటారు. అందుకని తిరిగే ట్రేలో కొన్ని వస్తువులకు చోటే లేదు. ఫినాయిల్, బాత్రూం యాసిడ్, డ్రైనేజీ పొడి అందరికీ తెలిసినవే. తెలియనిది కర్పూరం. దేవుడి సామానుతోపాటు మూల కబోర్డులోకి చేరుతుంది, చూడటానికి పటికబెల్లం ముక్కలా ఉంటుంది. చిన్నపిల్ల కొద్దిగా మింగినా మూర్ఛలు రావచ్చు. తాంబూలానికి తెచ్చిన సున్నం డబ్బీ ఇంకొకటి. చేత్తో పిసికితే మూత తెరుచుకుని కంట్లో చిమ్ముతుంది, కంటి నల్లగుడ్డును కాల్చేస్తుంది. గుంటూరు కారం సంగతి చెప్పనక్కర్లేదు. మిక్సీ బ్లేడ్లు, కత్తిపీట, బటన్ సెల్స్ (బొత్తాల్లాంటి చిన్న బ్యాటరీలు) కూడా సజ్జ మీదికో, పై అల్మరాకో వెళ్లాలి.

యాసిడ్ లాంటిది మింగితే వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్లు పట్టించడం మన ఇళ్లలో పాత అలవాటు, అది అస్సలు వద్దు. సీసా చేత్తో పట్టుకుని 108కి ఫోన్ చేయండి. కంట్లో పడితే డాక్టరు కోసం ఎదురుచూడకుండా ధారగా పారే నీళ్లతో 15–20 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

బిగించాక పట్టు తప్పేది ఎప్పుడు

వానాకాలంలో. ప్లై తేమకు ఒక మిల్లీమీటరు ఉబ్బినా కొక్కెం గూట్లో పడదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ వైపు ఇళ్లలాంటి చోట్ల కింది కబోర్డులు ఆరాక పైకి బాగానే కనిపించినా, చెక్క పీచు, పొట్టు అదిమి చేసిన ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు లోపల పొడిపొడిగా మారి ఉంటాయి. అందులో స్క్రూ తిరుగుతూనే ఉంటుంది, పట్టదు. అలాంటి బల్లకు లాక్ బిగించేముందు ఆ భాగంలో కొత్త ప్లై ముక్క వేయించాలి.

రెండో కారణం తిరిగే యంత్రమే. ట్రే దానంతటదే మూసిన స్థానానికి వచ్చి ఆగడానికి రాడ్డు అడుగున వాలుగా కోసిన బిళ్ల ఉంటుంది. అది అరిగినా, దుమ్ముతో బిగిసినా, రాడ్డును పట్టే చిన్న స్క్రూ వదులైనా తలుపు కొంచెం పక్కకి ఆగుతుంది. అప్పుడు లాక్‌ను జరపడం మొదలుపెడితే అంతం ఉండదు. ట్రేలు ఖాళీ చేసి, ఆరు పలకల అలెన్ కీతో రాడ్డు స్క్రూ వదులు చేసి, రెండు రెక్కల పక్కనా సందు సమానంగా వచ్చేలా తిప్పి మళ్లీ బిగించాలి. ఆ సందు 4 మి.మీ. లోపు ఉండేలా చూసుకోండి. సుమారు 5 నుంచి 12 మి.మీ. మధ్య సందులోనే చిన్నపిల్ల వేలు దూరి ఇరుక్కుంటుంది.

అయస్కాంతపు తాళంచెవులు రెండు ఉంచుకోండి. ఒకటి ఫ్రిజ్ పక్కరేకు మీద పెద్దవాళ్ల భుజం ఎత్తులో, ఇంకొకటి వంటగది బయట. చిమ్నీకి అంటించకండి, ఎక్కువ వేడికి ఆ అయస్కాంతం బలం కోల్పోతుంది. ఇంట్లో పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లుంటే అయస్కాంతపు రకం మానేసి బోల్ట్ తాళానికే వెళ్లండి. పనమ్మాయికీ, ఊరి నుంచి వచ్చే అమ్మమ్మకీ తెరిచి మూసి చూపించండి. ఈ లాక్‌లలో చాలావాటికి లోపల చిన్న మీట ఉంటుంది, దాన్ని జరిపితే లాక్ పనిచేయడం ఆగుతుంది. పండగ వంటలప్పుడు జరిపి మళ్లీ వెనక్కి జరపడం మర్చిపోయేది ఆ మీటనే. రాత్రి గట్టు తుడిచాక తలుపును ఒకసారి లాగి, రెండు రెక్కలనూ ఒక్కొక్కటిగా లోపలికి నెట్టి చూస్తే అది తెరిచి ఉందో లేదో మూడు సెకన్లలో తెలిసిపోతుంది.